చెమట ఎంత, ఆలోచన ఎంత? రేపటి డబ్బు భద్రతపై తరచుగా అడిగే ప్రశ్నలు

"పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా పనే. అయినా చేతిలో ఏమీ నిలవడం లేదు." కష్టపడాలా, తెలివిగా పని చేయాలా అన్న చర్చ ఎప్పుడు మొదలైనా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. కింది ప్రశ్నలు ఎక్కువగా అక్కడి నుంచి వచ్చినవే.

కష్టపడి పని చేయడానికీ, తెలివిగా పని చేయడానికీ అసలు తేడా ఏమిటి?

పనిలో పెట్టే సమయం, ఒంటి బలం, ఓపిక కష్టం లెక్కలోకి వస్తాయి. వాటిని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తేల్చుకోవడం తెలివి. ఇంతవరకు అందరూ చెప్పేదే. కానీ ఈ నిర్వచనంతో మన రోజును కొలవలేం. ఎందుకంటే ఎవరిని అడిగినా తాము తెలివిగానే పని చేస్తున్నామంటారు.

నేను వాడే కొలత వేరు. పని అయిపోయాక ఏం మిగిలిందో చూస్తాను. ఒక గంట పని చేశారు, డబ్బులొచ్చాయి, ఖర్చయిపోయాయి, రేపు మళ్లీ మొదటి నుంచి మొదలు. ఇది కరిగిపోయే పని. అదే గంటలో వచ్చే నెల పని తగ్గించే విద్య ఒకటి అబ్బింది, లేదా మళ్లీ మిమ్మల్నే వెతుక్కుంటూ వచ్చే కస్టమర్ దొరికాడు, లేదా వచ్చిన డబ్బులో కొంత పక్కన పడింది. ఇది మిగిలే పని. రెక్కాడితే గానీ డొక్కాడదంటారే, ఆ బతుకులో కష్టానికి కొదవ లేదు. మిగిలేదే ఉండదు.

ఇద్దరు ఎలక్ట్రీషియన్లున్నారనుకోండి. ఇద్దరూ రోజుకు పది గంటలు తిరుగుతారు. ఒకాయన ఫోన్ మోగిందల్లా పరిగెడతాడు. రెండో ఆయన ఏ ఇంట్లో ఏ రిపేరు వచ్చిందో, ఏ సామాను మాటిమాటికీ పాడవుతోందో నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం చూసి ఓ ఇరవై ఇళ్లకు ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు మాట్లాడుకుంటాడు. చెమట ఇద్దరిదీ సమానమే. పదేళ్ల తర్వాత వాళ్ల పరిస్థితి మాత్రం సమానంగా ఉండదు.

అంటే ఒట్టి కష్టంతో ఎవరూ పైకి రాలేరా?

వస్తారు. అమెరికాలోని వెర్మాంట్‌లో రొనాల్డ్ రీడ్ అనే ఆయన పెట్రోల్ బంకులో, ఆ తర్వాత ఒక దుకాణంలో శుభ్రం చేసే పనిలో జీవితమంతా గడిపారు. 2014లో 92 ఏళ్ల వయసులో చనిపోయాక చూస్తే ఆయన ఆస్తి సుమారు 80 లక్షల డాలర్లు. అందులో చాలా భాగం ఊళ్లోని ఆసుపత్రికీ లైబ్రరీకీ రాసిపెట్టారు. మిసిసిపీలో బట్టలుతికి బతికిన ఓసియోలా మెకార్టీ 1995లో ఒక విశ్వవిద్యాలయానికి 1,50,000 డాలర్లు ఇచ్చారు. ఆమె ఆరో తరగతిలోనే బడి మానేశారు.

ఈ కథలు విని "చూశారా, కష్టపడితే చాలు" అనేవాళ్లున్నారు. కాస్త ఆగి చూడండి. పెట్రోల్ బంకులో పనిచేసినవాళ్లు వేలమంది. బట్టలుతికి బతికినవాళ్లు లక్షలమంది. వీళ్లిద్దరినీ వేరు చేసింది కష్టం కాదు, వచ్చిన దాంట్లో కొంత ముట్టుకోకుండా దశాబ్దాలపాటు ఉంచేయడం. రీడ్ మంచి కంపెనీల షేర్లు కొని, అమ్మకుండా అట్టే పెట్టుకున్నారు. మెకార్టీ బ్యాంకులో వేసుకుంటూ పోయారు. కష్టం విత్తనమైతే ఆ ఓపిక నీళ్లు.

రోజుకు ఇంకో రెండు గంటలు ఎక్కువ పనిచేస్తే త్వరగా స్థిరపడనా?

కొంతవరకు, కొంతకాలం. ఆ "కొంత" ఎంతో తెలుసుకోవడం ముఖ్యం.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ ఫ్యాక్టరీల్లో పనిచేసిన కార్మికుల లెక్కలను ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ తిరగేసి 2014లో ప్రచురించారు. వారానికి సుమారు 50 గంటల వరకు గంటలతో పాటే ఉత్పత్తీ పెరిగింది. ఆ తర్వాత పెరుగుదల మందగించింది. వారానికి 70 గంటలు పనిచేసినప్పుడు వచ్చిన సరుకుకూ, 56 గంటల్లో వచ్చిన సరుకుకూ పెద్ద తేడా లేదు. అంటే ఆ పైన చేసిన 14 గంటలు దాదాపు గాల్లో కలిశాయి. అది చేతిపని. మెదడుతో చేసే పని ఇంకా త్వరగా చెడుతుందని నా అనుమానం. రాత్రి పదకొండింటికి చేసిన తప్పును మర్నాడు మధ్యాహ్నం దాకా దిద్దుకున్న రోజులు నాకూ ఉన్నాయి.

ఇక ఒంటి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా వెలువరించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని తేల్చాయి. ఓవర్‌టైమ్ డబ్బును మందుల షాపుకు మోయడం సంపాదన అనిపించుకోదు.

అయితే ఓవర్‌టైమ్ ఎప్పుడూ వద్దని చెప్పను. అప్పు తీర్చడానికి ఆరు నెలలో, ఏదైనా పని నేర్చుకుంటున్న మొదటి ఏడాదో ఒళ్లు వంచాల్సిందే. దానికి ముగింపు తేదీ ఉండాలి. తేదీ లేని ఓవర్‌టైమ్ మెల్లగా మామూలు డ్యూటీ అయిపోతుంది.

స్మార్ట్ వర్క్ అంటే షార్ట్‌కట్టేగా?

షార్ట్‌కట్‌లో పని నాణ్యత తగ్గుతుంది. స్మార్ట్ వర్క్‌లో అనవసరమైన పని తగ్గుతుంది. ఇంకో సంగతి, ఏది అనవసరమో తెలియాలంటే ముందు ఆ పనిని కొన్నాళ్లు ఒళ్లు వంచి చేసి ఉండాలి. వంద బిల్లులు చేత్తో రాసినవాడికే ఎక్కడ తప్పు దొర్లుతుందో తెలుస్తుంది. పని తెలియకుండా తెలివి చూపించేవాళ్లను ప్రతి ఆఫీసూ చూసే ఉంటుంది.

జీతం పెరుగుతూ ఉంటే భద్రత దానంతట అదే వస్తుంది కదా?

రాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

సంపాదనలో 10 శాతం దాస్తున్నారనుకోండి. మిగతా 90 శాతంతో ఇల్లు గడుస్తోంది. అంటే ఒక ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు వెనకేయాలంటే 9 ఏళ్లు పని చేయాలి. 25 శాతం దాస్తే 3 ఏళ్లు చాలు. సగం దాయగలిగితే ఒక్క ఏడాది. ఇది వడ్డీ కలపకుండా వేసిన లెక్క.

ఇప్పుడు మీ జీతం 30 శాతం పెరిగింది, సంతోషం. ఖర్చు కూడా 30 శాతం పెరిగితే? దాచేది ఇంకా 10 శాతమే. ఒక ఏడాది ఖర్చు వెనకేయడానికి ఇంకా 9 ఏళ్లే. ప్రమోషన్ వచ్చింది, బాధ్యతలు పెరిగాయి, టెన్షన్ పెరిగింది, భద్రత మాత్రం ఒక్క రోజు కూడా దగ్గర పడలేదు. గానుగెద్దు వేగం పెంచినట్టు.

కాబట్టి జీతం పెరిగిన నెలలోనే ఆ పెరిగిన దాంట్లో సగం నేరుగా పొదుపులోకి వెళ్లిపోయే ఏర్పాటు చేసుకోండి. మిగతా సగం హాయిగా ఖర్చు పెట్టుకోండి. అంతా బిగబట్టమంటే ఎవరూ బిగబట్టరు. పట్టుమని మూడు నెలలు బిగించి నాలుగో నెల తెగ ఖర్చు చేస్తారు.

మైక్ టైసన్ బాక్సింగ్‌లో కోట్ల డాలర్లు సంపాదించి 2003లో దివాలా పిటిషన్ వేశారు. ఆయన కష్టపడలేదని ఎవరూ అనలేరు. సంపాదన ఎంత పెద్దదైనా అంతకు మించి ఖర్చు పెట్టడం సాధ్యమే.

ఖర్చు తగ్గించుకోవాలా, సంపాదన పెంచుకోవాలా?

మొదట ఖర్చు, ఎందుకంటే అది ఈ నెలే మన చేతిలో ఉంది. కానీ ఖర్చుకు ఒక అడుగు ఉంటుంది, అంతకు కిందికి పోదు. అక్కడికి చేరాక చిల్లర లెక్కలతో గంటలు గడిపితే అది కూడా కరిగిపోయే పనే. ఆ గంటలు సంపాదన పెంచే నైపుణ్యానికి పెట్టండి. ఖర్చుల్లో కూడా పెద్దవాటినే ముందు చూడాలి. ఇంటి అద్దె, వాహనం, వాయిదాలు. ఈ మూడింటిలో ఒక్క సరైన నిర్ణయం వంద చిన్న త్యాగాలకు సమానం.

వయసు మించిపోయింది. ఇప్పుడు దాచడం మొదలుపెడితే లాభముంటుందా?

ముందు నిజం చెప్పుకుందాం, ఆలస్యానికి ధర ఉంది. నెలకు 100 రూపాయల చొప్పున, ఏడాదికి 8 శాతం రాబడి నెలనెలా కలుస్తుందనుకుని లెక్క వేస్తే 20 ఏళ్లకు సుమారు 58,900 అవుతుంది. 30 ఏళ్లకు 1,49,000. 40 ఏళ్లకు 3,49,000. చివరిదాంట్లో మీరు వేసిన అసలు 48,000 మాత్రమే. 8 శాతమన్నది లెక్క కోసం తీసుకున్న సంఖ్య, ఎవరి హామీ కాదు.

పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి ఆ 1,49,000 అందుకోవాలంటే నెలకు 100 బదులు 253 వేయాలి. రెండున్నర రెట్ల భారం. కష్టమే, కానీ అసాధ్యమేమీ కాదు. ఇంకో పదేళ్లు ఊరుకుంటే అప్పుడు నిజంగానే కష్టం.

నోటిలెక్కకు ఒక పాత చిట్కా ఉంది. 72ను రాబడి శాతంతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుంది. ఇటలీ గణితవేత్త లూకా పాచోలి 1494 నాటి పుస్తకంలోనే ఇది ఉంది. దీన్ని తిరగేసి కూడా వాడొచ్చు. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతుంటే 12 ఏళ్లలో బీరువాలోని డబ్బు విలువ సగమవుతుంది. దాచడం ఒక్కటే చాలదనేది ఇందుకే.

మొదట్లో ఏది ముఖ్యం, మంచి మదుపా, ఎక్కువ సంపాదనా?

ఇది తక్కువమంది అడిగే మంచి ప్రశ్న. మొదటి నాలుగైదేళ్లు కష్టమే గెలుస్తుంది. మీ దగ్గర దాచింది 1,000 ఉంటే, ఎంతో పరిశోధన చేసి ఒక శాతం ఎక్కువ రాబడి తెచ్చుకున్నా ఏడాదికి వచ్చేది 10. ఒక పూట అదనపు పని అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. అందుకని చిన్న మొత్తం పట్టుకుని రాత్రంతా చార్టులు చూసే కుర్రవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఆ సమయంలో పని నేర్చుకుంటే ఎంత బాగుండు!

దాచిన మొత్తం మీ ఏడాది పొదుపుకు పదింతలు అయ్యాక లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఒక శాతం తేడా అంటే మీ ఏడాది పొదుపులో పదో వంతు. అక్కడి నుంచి నిర్ణయాల నాణ్యతే ముఖ్యం.

మదుపులో కూడా కష్టపడి రోజూ కొనుగోళ్లు, అమ్మకాలు చేయాలా?

కష్టం ఎదురు తిరిగే చోటు ఇదే. బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడియన్ అనే పరిశోధకులు 1991 నుంచి 1996 దాకా అమెరికాలోని 66,465 కుటుంబాల షేర్ ఖాతాలను పరిశీలించారు. అందరికన్నా ఎక్కువగా కొని అమ్మినవాళ్లకు ఏడాదికి సగటున 11.4 శాతం వచ్చింది. అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. అంత తిరుగుడూ తిరిగి, ఊరికే కూర్చున్నవాడికన్నా వెనకబడ్డారు. బ్రోకరేజీ (కొన్నప్పుడూ అమ్మినప్పుడూ కట్టే కమీషన్), హడావుడి కలిసి తేడాను తినేశాయి.

మార్కెట్ మొత్తాన్ని తక్కువ ఖర్చుతో కొనేసి ఊరుకునే ఇండెక్స్ ఫండ్ సామాన్యులకు అందింది 1976లో, వాన్‌గార్డ్ అనే ఫండ్ కంపెనీ పెట్టిన జాన్ బోగుల్ చేతుల మీదుగా. అప్పట్లో నవ్వినవాళ్లు చాలామందే. ఖర్చు ఎంత ముఖ్యమంటే, 30 ఏళ్లపాటు 8 శాతంతో పెరిగే డబ్బు పది రెట్లవుతుంది. ఏటా ఒక శాతం ఫీజుకు పోయి 7 శాతమే మిగిలితే ఏడున్నర రెట్లు దాటి ఆగిపోతుంది. ఒక్క శాతమే కదా అనుకున్నది చివరికి దాదాపు పాతిక శాతం కోసుకుపోయింది.

మరి బాగా తెలివైనవాళ్లు నష్టపోరా?

ఘనంగా నష్టపోతారు. ఐజాక్ న్యూటన్ 1720లో బ్రిటన్‌కు చెందిన సౌత్ సీ అనే వ్యాపార కంపెనీ షేర్లలో డబ్బు పోగొట్టుకున్నారు. మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్‌లకు 1997లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. వాళ్లు భాగస్వాములైన లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్ మరుసటి ఏడాదే కుప్పకూలింది. పెద్ద బ్యాంకులు కలిసి 360 కోట్ల డాలర్లు పోసి దాన్ని ఆదుకోవాల్సి వచ్చింది. వాళ్ల సూత్రాల సంగతి ఎలా ఉన్నా, సొంత డబ్బుకు సుమారు పాతిక రెట్లు అప్పు తెచ్చి పెట్టారు. అంత అప్పు మీద కూర్చున్నప్పుడు చిన్న కుదుపు చాలు.

ఇక "45 రోజుల్లో 50 శాతం లాభం" అంటూ, కొత్తగా చేరినవాళ్ల డబ్బునే పాతవాళ్లకు లాభంగా ఇస్తూ, 1920లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ పోంజీ జనాన్ని ముంచాడు. అదే మోసం పేరు మార్చుకుని ఇప్పటికీ ఫోన్లలోకి మెసేజ్‌గా వస్తూనే ఉంది. తెలివిగా సంపాదించే మార్గమని ఎవరైనా మీకు అమ్ముతుంటే, ఆ తెలివి వాళ్లదా మీదా అని ఓసారి చూసుకోండి.

పాసివ్ ఇన్‌కమ్, అంటే రోజూ పని చేయకుండానే వచ్చే ఆదాయం ఉంటే పనే చేయక్కర్లేదంటున్నారు. నిజమా?

సగం. అద్దె, డివిడెండ్ (కంపెనీ లాభంలో షేర్లున్నవాళ్లకు వచ్చే వాటా), వడ్డీ, రాయల్టీ (రాసిన పుస్తకం లాంటివాటిపై వచ్చే వాటా) నిజంగానే ఉన్నాయి. కానీ ప్రతిదాని వెనకా ముందే పెట్టిన డబ్బో, ముందే చేసిన చాకిరీయో ఉంటుంది. అద్దె ఇల్లు ఉన్నవారినడగండి, అది ఎంత "పాసివ్"గా ఉంటుందో చెబుతారు.

అప్పు ఉంది. ముందు అప్పు తీర్చాలా, మదుపు చేయాలా?

వడ్డీని బట్టి. నెలకు 3 శాతం వడ్డీ పడే అప్పు, కట్టకుండా వదిలేస్తే 24 నెలల్లో రెండింతలవుతుంది. అలాంటి అప్పు తీర్చడాన్ని మించిన మదుపు లేదు. అంత రాబడి కచ్చితంగా ఇచ్చే పథకం ఎక్కడా దొరకదు. తక్కువ వడ్డీ ఉన్న దీర్ఘకాలిక అప్పు సంగతి వేరు, దాన్నీ పొదుపునూ పక్కపక్కనే నడిపించవచ్చు.

అప్పు తీరుస్తున్నప్పుడు కూడా ఒకటి రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. లేకపోతే బండి చెడిపోయినా, పన్ను నొప్పి వచ్చినా మళ్లీ అదే అప్పు గుమ్మం తొక్కాలి. అప్పు తీరాక దాన్ని ఆరు నెలల ఖర్చు దాకా పెంచుకోవచ్చు. మీ మీద ఆధారపడినవాళ్లుంటే ఆరోగ్య బీమా, టర్మ్ ఇన్సూరెన్స్ (మీరు పోతే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే బీమా) కూడా ఈ వరుసలోనే వస్తాయి. ఇరవై ఏళ్ల పొదుపును ఒక్క ఆసుపత్రి బిల్లు తుడిచిపెట్టేయగలదు.

రోజు కూలి మీద బతికేవారికి ఈ సలహాలు ఏం పనికొస్తాయి?

నిజాయితీగా చెప్పాలంటే కొన్ని పనికిరావు. చాలీచాలని ఆదాయంలో "25 శాతం దాయండి" అనడం వేళాకోళం. పేదరికాన్ని తెలివి తక్కువతనంగా చూడటం అంతకన్నా తప్పు. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో తమిళనాడు చెరకు రైతులకు పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆలోచనా పరీక్షలు పెట్టారు. అదే మనిషి డబ్బు కటకటలో ఉన్నప్పుడు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. మనిషి మారలేదు, బుర్ర మీది బరువు మారింది.

అందుకే అలాంటి పరిస్థితిలో మొదట కావలసింది పెద్ద ప్రణాళిక కాదు, కాస్త ఊపిరి. వారం ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన ఉన్నా, కూలి బేరం కుదరనప్పుడు "వద్దు" అనగలుగుతారు. ఆ ఒక్క మాట అనగలగడం విలువైన ఆస్తి.

ఎంత ఉంటే ఇక భద్రత ఉన్నట్టు?

అమెరికాలో ఫైనాన్షియల్ ప్లానర్ విలియం బెంగెన్ 1994లో అక్కడి పాత మార్కెట్ లెక్కలు తీసి చూశారు. రిటైరైన మొదటి ఏడాది మొత్తంలో 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోతే డబ్బు 30 ఏళ్లు నిలుస్తుందని తేల్చారు. ఏడాది ఖర్చుకు 25 రెట్లు అనే మాట అక్కడి నుంచే పుట్టింది. దేశం మారితే, కాలం మారితే లెక్కా మారుతుంది కాబట్టి దాన్ని గీటురాయిగా కాక దూరంగా కనిపించే మైలురాయిగా చూడండి. ముందు ఒక నెల ఖర్చు, తర్వాత ఆరు నెలలది, ఆపైన రెండేళ్లది. రెండేళ్ల ఖర్చు చేతిలో ఉన్నవాడు ఆఫీసులో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

నా ఉద్యోగంలో పని గంటలు తగ్గించుకునే వీలే లేదు. నేనేం చేయను?

ఒక వారం పాటు ప్రతి రోజూ చివర్లో రెండే ముక్కలు రాయండి. ఈ రోజు చేసిన వాటిలో రేపటికి మిగిలేది ఏది, కరిగిపోయింది ఏది. నేను మొదటిసారి రాసినప్పుడు "మిగిలేది" కింద మూడు రోజులు ఖాళీగానే ఉంది. చిన్నతనంగా అనిపించింది. నాలుగో రోజు ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న ఒక పని ముందేసుకున్నాను. వారం వారం చేత్తో చేసే రిపోర్టును కంప్యూటర్‌లో ఫార్ములా పెట్టి కుదించుకోవడం. రెండు సాయంత్రాలు పట్టింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం గంటన్నర మిగిలింది. మొదటి శుక్రవారం మాత్రం ఆ గంటన్నర ఫోన్ చూస్తూ గడిపేశాను.